జెల్ల నోరు, సావల కడుపు

నోరు మూసుకుని ఈదే చేపని చూసి, దాని నోట్లో ఉన్నది దాని పిల్లలో, దాని తిండో ఎవరైనా చెప్పగలరా? చిన్నప్పుడు పట్టుకున్న ప్రశ్న ఇది. తరవాత చేపల చదువే చదివాను. విజయనగరంలో ఆడపిల్లలకి ఆ చదువే చెప్తున్నాను. అయినా అది నన్ను వదల్లేదు. దానికి జవాబు తెలిసిన మనిషి ఒక్కర్తే ఉండేది, మా పిన్ని. పోయిన నెలలో ఆవిడ పోయింది.

తంతి వచ్చేసరికి నేను పెరట్లో సావళ్ళు బాగుచేస్తున్నాను. సముద్రం పక్కన పుట్టినవాళ్ళకి సావల అంటే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్తాను. నడుం బెల్టులా పొడుగ్గా, పలచగా, ఒంటిమీద ఒక్క పొలుసైనా లేకుండా వెండిరేకులా మెరిసే చేప అది. ముట్టుకుంటే ఆ వెండి చేతికంటుతుంది. చేతులు కడుక్కోకుండానే తంతి విప్పాను. తెల్లారగట్ల పోయిందనీ, సాయంత్రం దాకా నాకోసం ఆగుతామనీ దాని సారాంశం. మడవబోతూ చూస్తే కాగితం మీద నా వేళ్ళ గుర్తులున్నాయి, వెండివి. వార్తకి రాని వణుకు ఆ గుర్తులకి వచ్చింది. ఎందుకో తరవాత చెప్తాను.

పాసింజరు కోటబొమ్మాళి దాటేక గాలి మారుతుంది. పెదవి తడుపుకుంటే ఉప్పగా తగులుతుంది. నౌపడలో దిగి, ఉప్పుమళ్ళ గట్ల మీద నడిస్తే ఆ చివర మా పిన్ని ఊరు. ఊరి పేరు రాయను. ఆవిడ పేరూ రాయను. దాచాలని కాదు. అక్కడ పేర్లతో వ్యవహారం వేరు, అది మీకే తెలుస్తుంది.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. బాప్టిస్టు మిషను వాళ్ళ బడిలో టీచరు. బడి వెనకాలే రెండు గదుల పెంకుటిల్లు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "అడిగినోడికి పాఠం రాదు, పాఠం వచ్చినోడు అడగలేదు" అని నవ్వేది. బళ్ళో ఆవిడ మాట పుస్తకంలా ఉండేది. గుమ్మం దాటి ఇంట్లోకి అడుగుపెట్టేసరికి చెప్పుల్తో పాటు ఆ భాషా బయటే వదిలేసేది.

ఆవిడ బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. కొరికేది కాదు. పాఠం చెప్పేటప్పుడు ఎడం బుగ్గన, ఇంట్లో పనిచేసుకునేటప్పుడు కుడి బుగ్గన. ఏదైనా ఆలోచించాల్సి వస్తే ఇటునుంచి అటు మారేది. నేను ఒకసారి నాకూ కావాలని గొడవచేసి, ఒకటి పుచ్చుకుని నోట్లో వేసుకోగానే కటుక్కున కొరికేశాను. కళ్ళనీళ్ళు వచ్చేశాయి.

"కొరికితే అయిపోతాదే గుంటా. ఉంచుకుంటే పొద్దల్లా ఉంటాది," అంది.

ఆ ఇంటికి చేపలు తెచ్చే చేపలమ్మికీ ఆవిడకీ రోజూ ఒక పోట్లాట. పిన్ని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే పిల్లి వచ్చి కంచంలో చేప పట్టుకుపోయేది. చేపలమ్మి గడపలో కూచుని అదంతా చూస్తూ కూడా పిల్లిని తోలేది కాదు.

"సూస్తా ఊరుకున్నావేటే?" అని పిన్ని కసిరితే, "నువ్వు కళ్ళు మూసి దేవుణ్ణి అడిగినావు, అది నోరు తెరిసి నిన్నడిగినాది. మద్దెన నానెవర్తినమ్మా?" అనేది.

మా నాన్న రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మా వైపు రంగం అనే అంటారు. కొన్నాళ్ళు ఉత్తరాలు వచ్చాయి, తరవాత మానేశాయి. అక్కణ్ణుంచి తిరిగొచ్చినవాళ్ళు మా అమ్మ ఎదురుపడితే తలకాయ పక్కకి తిప్పుకునేవారు. అప్పుడు అమ్మ నన్ను తీసుకుని చెల్లెలింటికి వచ్చేసింది. నాకు ఆరో ఏడో ఏళ్ళు. అమ్మ ఎక్కువ మాట్లాడేది కాదు. సాయంత్రమైతే అరుగుమీద కూచుని నౌపడ నుంచి వచ్చే బండి కూత వినేది. "మనమూ రంగం పోదామేటే?" అని ఒక్కోసారి నా జుట్టు దువ్వుతూ అనేది. అది నన్ను అడగడమో, తనతో తను అనుకోవడమో తెలిసేది కాదు. నన్ను ఒక ముద్దుపేరుతో పిలిచేది. ఇంకెవరూ ఆ పేరుతో పిలవలేదు. పిన్ని కూడా.

ఇక పేర్ల సంగతి. ఆ ఒడ్డున పొద్దుగూకేక ఎవర్నీ పేరుపెట్టి పిలవకూడదు. పేరు చెవినపడితే సముద్రం నేర్చుకుంటుందట. నేర్చుకున్నాక తనే పిలుస్తుందట. అందుకని తెప్పలు ఒడ్డెక్కే వేళ ఎవరు ఎవర్ని పిలిచినా "ఓయ్ మావా", "ఒలే సిన్నదానా", "ఓ గుంటా" అనే. మొగుడు తిరిగి రాలేదని గుండెలు బాదుకునే ఆడది కూడా "ఓ మనిసీ" అని ఏడుస్తుంది తప్ప పేరెత్తదు. పిన్ని ఇవన్నీ మూఢనమ్మకాలని బళ్ళో చెప్పేది. సాయంత్రం ఒడ్డుకి వెళ్తే మాత్రం తనూ "ఓ గుంటా" అనే పిలిచేది. అదేమిటి పిన్నీ అంటే, "నమ్మకం నాది కాదు, ఊరు వాళ్ళది," అనేది.

ఒక సాయంత్రం అమ్మ బుట్ట పట్టుకుని తెప్పల దగ్గరికి వెళ్ళింది. వెలుగు పోతున్నా రాలేదు. పిన్ని దీపం పెట్టి, నన్ను గుమ్మం దాటొద్దని చెప్పి, తను వెళ్ళింది. నేను గడప పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి ఒడ్డు వైపునుంచి పిన్ని గొంతు వినబడింది. అమ్మని పిలుస్తోంది. అక్కా అని కాదు, పేరుపెట్టి. ఇంటిపేరుతో సహా, బడిలో హాజరు పిలిచినట్టు, ఊరంతా వినేలా పిలుస్తోంది. మా పక్కింట్లో ఎవరో "ఓలమ్మో" అని తలుపు మూసేసుకోవడం విన్నాను. ఆ తలుపు చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

పిన్ని బుట్టతో తిరిగొచ్చింది. అందులో సావళ్ళు, తోకలు బయటికి వేలాడుతూ.

"అమ్మేది?"

"వస్తాది. కాళ్ళు కడుక్కో."

కత్తిపీట ముందు కూచుని సావళ్ళు ముక్కలు కోసింది. చింతకాయ వేసి పులుసు పెట్టింది. నాకు కంచం పెట్టి, తను తినలేదు. పులుసు రుచిగా ఉంది. చెప్పడానికి ఇప్పుడు ఒళ్ళు గగుర్పొడుస్తుంది గాని, చాలా రుచిగా ఉంది.

మర్నాడు తెప్పలవాళ్ళు వెతికారు. ఏమీ దొరకలేదు. వాళ్ళతో పిన్ని చెప్పింది ఇంతే. "నేను ఎల్లేసరికి బుట్ట ఒడ్డున ఉన్నాది. మనిషి నేదు."

"పేరెట్టి పిలిసినావా టీచరమ్మా?" అని అడిగాడొక పెద్దాయన.

"పిలిసినాను."

అక్కడున్న ఆడవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. సముద్రానికి అక్క పేరు అందించింది చెల్లెలే అని ఆ రోజుతో ఖాయమైపోయింది. చేపలమ్మి ఒక్కత్తే మా వంటింటి దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, "దండెం మీద ఆ తల్లి నీలం సీర నేదు. ములిగిపోడానికి ఎల్లినోలు మంచి సీర సూసుకుని కట్టుకెల్తారేటి?" అంది. పిన్ని ఆవిడ వైపు చూడకుండా, "నోట్లో మాట నోట్లో పెట్టుకో," అంది. చేపలమ్మి పెట్టుకుంది. నేనూ వింటున్నానని ఇద్దరూ గమనించలేదు.

అప్పట్నుంచి నా ముందు రెండు దారులు. అమ్మ మునిగిపోయిందా? వెళ్ళిపోయిందా?

బళ్ళో పిల్లలు పిన్నికి ఒక పేరు పెట్టారు. సావల. ఎందుకంటే సావల తన జాతినే తింటుంది. గాలానికి ఒక సావల తగిలితే దాని తోక పట్టుకుని ఇంకొకటి వస్తుంది. తెప్పలవాళ్ళ పిల్లలకి ఇది రోజూ చూసేదే. "మీ పిన్ని సావల. మీ అమ్మని తినేసినాది," అని ఒక పిల్ల నా జడ పట్టుకు లాగి మరీ చెప్పింది. నేను ఇంటికెళ్ళి ఏడ్చాను. ఎవరన్నారో పిన్ని అడగలేదు. ఏమన్నారో మాత్రం రెండోసారి చెప్పించుకుని వింది. లవంగం ఇటునుంచి అటు మారింది.

మర్నాడు ప్రకృతి పాఠానికి బల్లమీద విస్తరాకు పరిచి దానిమీద రెండు చేపలు పెట్టింది. ఒకటి సావల. రెండోది సముద్రపు జెల్ల. ఇంతకన్నా వేరువేరుగా ఉండే రెండు చేపలు మా ఒడ్డున లేవు. సావల సన్నం, జెల్ల బొద్దు. సావల మెరుపు, జెల్ల మన్ను రంగు. సావల తళతళలాడుతూ పొడిగా కనిపిస్తుంది, జెల్ల ఒళ్ళంతా జిగురు. సావల నోరు మూసినా కోరలు బయటికే కనిపిస్తాయి. జెల్లకి మెత్తటి పెదవులు, పిల్లిలా మీసాలు. సావల నీళ్ళలో తల పైకెత్తి, నిట్టనిలువుగా నిలబడి, పైన పోయేవాటి కోసం కాచుకుంటుంది. జెల్ల అడుగున బురదలో తిరిగి, దొరికిందల్లా తింటుంది. మునిగిపోయిన మనుషుల్ని కూడా. అందుకే సముద్రంలో మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో కొన్నాళ్ళు జెల్ల ముట్టరు. ఇదంతా పిన్ని వరసగా చెప్పి, నల్లబల్ల మీద రెండు గళ్ళు గీసి రాయించి, అప్పుడు చాకు తీసింది.

ముందు సావల కడుపు కోసింది. లోపల మడతపడి ఇంకో చిన్న సావల ఉంది. అందరూ నా వైపు చూశారు.

తరవాత జెల్ల నోరు రెండు వేళ్ళతో తెరిచింది. లోపల గోళీలంత గుడ్లు, గుడ్డుకి అతుక్కున్న చిన్నచిన్న పిల్లలు, నల్లటి కళ్ళతో. ఆ కళ్ళన్నీ మమ్మల్నే చూస్తున్నట్టు అనిపించింది. ముందు వరసలో ఉన్న ఒక రైతుల పిల్ల కెవ్వుమంది. "జెల్ల కూడా పిల్లల్ని తినేసినాది టీచర్!"

"తినడం కాదే, దాసుకున్నాది," అంది నా జడ లాగిన పిల్ల. "జెల్లకి నోరే పురిటిల్లు. మా అయ్య సెప్పినాడు. పిల్లలు పెద్దయ్యే దాకా అది తిండి తినదు."

"నోరు మూసి ఉన్నప్పుడు చూస్తే తిన్నదో, దాచుకున్నదో నీకు ఎలా తెలుస్తుంది?" అని పిన్ని పుస్తకాల భాషలో అడిగింది.

"తెరిసి సూస్తే తెలుస్తాది. బతికుంటే దాసుకున్నట్టు."

"తెరిచాం. చూడు, బతికున్నాయా?"

ఆ పిల్ల వంగి చూసింది. కదలడం లేదు. గాలి తగిలి కళ్ళు అప్పుడే తెల్లబడుతున్నాయి.

"తెరిస్తే చచ్చిపోతాయి," అంది పిన్ని. "తెలుసుకోవాలంటే తెరవాలి. తెరిస్తే మనకి తెలిసేది చచ్చిన సంగతే. రాసుకోండి."

ఎవరూ ఏమీ రాసుకోలేదు. తరవాత ఆవిణ్ణి సావల అని నా ఎదుట ఎవరూ అనలేదు. కానీ మానేశారా, నోట్లోనే అనుకునేవారా అన్నది, చూశారా, అదే ప్రశ్న.

ఆ మరుసటి ఏడు జరిగిన ఒక విషయం నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం. పెరట్లో పిన్ని సావళ్ళు కోస్తోంది. నేను పక్కనే కూచుని పిల్లిని తోలుతున్నాను. ఒడ్డున తాళ్ళకి ఎండేసిన సావళ్ళు గాలికి ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. ఆ చప్పుడు మధ్యలో ఎవరో నన్ను పిలిచారు. ముద్దుపేరుతో. అమ్మ ఒక్కర్తే పిలిచిన ఆ పేరుతో. దూరం నుంచి, అలిసిపోయినట్టున్న గొంతు. అమ్మ గొంతేనా అంటే ప్రమాణం చేయలేను. నేను లేచి "ఓ" అనబోయాను.

పిన్ని చెయ్యి నా నోటిమీద పడింది. తడిచెయ్యి, గట్టిగా. ఊపిరాడలేదు. మళ్ళీ పిలుపు వచ్చింది. పిన్ని నన్ను ఒళ్ళోకి లాక్కుని వంగిపోయింది. నా చెవి పక్కన ఆవిడ ఊపిరి, లవంగం వాసన. వణుకుతోంది. నేను కాదు, ఆవిడ. మూడో పిలుపు కోసం ఇద్దరం చూశాం. రాలేదు. సావళ్ళ గలగల తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు చెయ్యి తీసి, "సంద్రం నీ పేరు కూడా నేర్సుకున్నాది. పలక్కు. ఎప్పుడు పిలిసినా పలక్కు," అంది.

లోపలికెళ్ళి అద్దంలో చూసుకున్నాను. నా నోటిమీద, రెండు బుగ్గలమీద ఐదువేళ్ళ గుర్తులు, వెండివి. కడిగినా వెంటనే పోలేదు.

చాలా ఏళ్ళ తరవాత, వాల్తేరులో హాస్టలు గదిలో పడుకుని ఉండగా ఉన్నట్టుండి ఒకటి తట్టింది. ఆ రోజు గొంతు తూర్పునుంచి రాలేదు. సముద్రం తూర్పున ఉంది. గొంతు వచ్చింది పడమటి నుంచి, ఉప్పుమళ్ళ వైపునుంచి. స్టేషను ఉన్నది అటే. మర్నాడు పగటి వెలుగులో కూచుని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. మళ్ళలో నీళ్ళు నిలిచి ఉంటాయి, శబ్దం వాటిమీద జారి ఎటునుంచి వస్తోందో తెలియకుండా పోతుంది, పైగా అప్పుడు నేను పసిదాన్ని. ఆ సమాధానం రాత్రికి నిలవలేదు.

అక్కడి యూనివర్సిటీలోనే ఇంకొకటి తెలిసింది. జెల్లల్లో గుడ్లు నోట్లో పెట్టుకుని మోసేది తల్లి కాదు, మగది. ఆడది గుడ్లు పెట్టి దాని దారిన అది వెళ్ళిపోతుంది. సెలవలకి వెళ్ళినప్పుడు ఈ సంగతి పిన్నికి చెప్పాను. ఆవిడ అన్నం వారుస్తోంది. గంజి ధార ఆగిపోయింది.

"అయితే కన్నది ఒకరు, నోట్లో పెట్టుకున్నది ఇంకొకరా?"

"అవును పిన్నీ."

"ఇన్నాళ్ళూ తల్లి అని పాఠం సెప్పినానే!" అని నవ్వింది. "కన్నది ఎల్లిపోయినా తిండి మానుకుని మోస్తాదన్నమాట. ఆ జెల్ల యెదవని తిట్టకూడదింక." గిన్నె అలాగే పట్టుకుని మళ్ళీ అడిగింది. "ఆకలికి ఆగలేక ఒక్కటీ మింగదా?"

ఆ మాటకి నేను ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే మింగుతుంది. మేం కోసిన జెల్లల్లో ఒకదాని కడుపు ఖాళీగా లేదు, ఒక గుడ్డు ఉంది. జారిపోయిందో, మింగిందో మా ప్రొఫెసరుగారు కూడా తేల్చలేదు.

"ఎప్పుడైనా ఒకటి," అన్నాను.

"ఆఁ," అంది పిన్ని. మళ్ళీ గంజి వార్చడం మొదలుపెట్టింది.

ఆ ధైర్యంతోనే అడిగేశాను. "పిన్నీ, అమ్మ మునిగిపోయిందా? వెళ్ళిపోయిందా?"

గిన్నె దింపి, చెయ్యి తుడుచుకుని, నా ఎదురుగా పీట వేసుకుని కూచుంది. లవంగం ఎడం బుగ్గకి వెళ్ళింది, మళ్ళీ కుడికి వచ్చింది.

"నీకేది కావాలే?"

"నిజం కావాలి."

"నిజం కావాలనేవోలకి లోపల ముందే ఒకటి కావాల్సి ఉంటాది. అదేటో సెప్పు. అది నిజవైతే అవునంటాను. కాకపోతే, నువ్వు సదువుకున్నదానివి, నీకే తెలిసిపోతాది."

నేను నోరు తెరిచాను. మునిగిపోయిందంటే అమ్మ నన్ను వదిలిపెట్టలేదు, కానీ లేదు. వెళ్ళిపోయిందంటే అమ్మ ఎక్కడో ఉంది, కానీ నన్ను వదిలేసింది. ఈ రెండిట్లో నాకేది కావాలి? ఎంతసేపు కూచున్నానో తెలియదు. పిన్ని తొందరపెట్టలేదు. ఆఖరికి లేచి కంచాలు పెట్టింది. చేప తలకాయ ఎప్పటిలాగే నా కంచంలో వేసింది. మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు.

నేను లెక్చరరునయ్యాక ఏటా సెలవలకి వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా రాగిపిండితో కాచిన చోడి అంబలి, ఎండుచేప, అరుగుమీద కబుర్లు. పిన్ని రిటైరైంది. అయినా సాయంత్రమైతే పిల్లలు పలకలు పట్టుకుని వచ్చేవారు. ఒకప్పుడు నా జడ లాగినావిడ మనవరాలు కూడా అందులో ఉంది. ఊళ్ళో ఏ ఇంట్లో కష్టమొచ్చినా ముందు ఆవిడ దగ్గరకే వచ్చేవారు. ఆవిడకి చెప్పింది బయటికి రాదని అందరికీ తెలుసు. ఆ ఊరు ఆవిణ్ణి క్షమించిందో, ఆవిడే ఊరిని క్షమించిందో. మునిగిపోయిందని ఊరంతా నమ్మాలంటే ఆ ఒడ్డున పేరుపెట్టి ఒక్కసారి గట్టిగా పిలిస్తే చాలు. లేచిపోయినదాని కూతురని నన్నెవరూ అనరు. అందుకే పిలిచిందేమో అని ఒక్కోసారి ఆవిడ కాళ్ళకి మొక్కాలనిపించేది. మరి ఆ తరవాత ఉప్పుమళ్ళ మీద నుంచి పిలిచింది ఎవరు, నా నోరు ఎందుకు మూసింది అని ఇంకోసారి ఆవిడ ముఖం చూడలేకపోయేదాన్ని. అక్కకి కూతుర్నీ, ఆ కూతురికి తల్లినీ దక్కనివ్వలేదా? నన్ను దాచుకుందా, నన్ను తనకోసం ఉంచేసుకుందా? ఇవన్నీ అనుకుంటూనే ఆవిడ పెట్టిన అన్నం తిన్నాను, ఆవిడ కొనిచ్చిన పుస్తకాలు చదివాను, జ్వరమొస్తే ఆవిడ ఒళ్ళోనే పడుకున్నాను. నాకు తెలిసిన ప్రేమ అదే. దాని పక్కనే ఈ అనుమానమూ ఉండేది. రెండూ ఒకదాన్నొకటి తినెయ్యకుండా ఇన్నాళ్ళూ ఎలా బతికాయో నాకే తెలియదు.

తంతి అందుకుని నేను వెళ్ళేసరికి పెట్టెలో పడుకోబెట్టి ఉంచారు. తెల్లచీర, చేతుల కింద బైబిలు. చేపలమ్మి ముసలిదైపోయింది, చూపు ఆనదు. పిన్ని ముఖాన్ని వేళ్ళతో తడుముతోంది. నా అడుగుల చప్పుడు విని తల తిప్పింది.

"వచ్చినావా అమ్మా? ఆఖరి మూడురోజులూ నోరు తెరవనేదు. మందు నేదు, నీలు నేదు. పెదాలు బిగబట్టేసినాది, డాకటేరు బాబు సెంచాతో తెరవబోతే సెయ్యి తోసేసినాది." తరవాత ఆవిడ వేలు పిన్ని కుడి బుగ్గమీద ఆగింది. "ఇక్కడేటో ఉన్నాది. తీసీమంటావేటి?"

వంగి చూశాను. ఆ బుగ్గ కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. లవంగమే అయి ఉంటుంది. ఇంకేముంటుంది? చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ నా వైపు చూస్తున్నారు. పెదవులు బిగుసుకుని, మూతి కాస్త ముందుకొచ్చి, ఆ ముఖం నేను బల్లమీద ఎన్నోసార్లు చూసిన ముఖంలా ఉంది. ఏ చేపదో నేను చెప్పక్కర్లేదు.

"వద్దు," అన్నాను. "తెరవొద్దు."

సరుగుడు తోటలో ఇసకలో పాతిపెట్టారు. ఆలస్యమవడంతో పొద్దుగూకింది. పాస్టరుగారు కొత్తగా వచ్చినాయన, సముద్రం ఎరగని రాజాం వైపు మనిషి. పుస్తకం తెరిచి, "ఈ లోకమును విడిచిన మన సహోదరి" అని, ఆవిడ పేరు దగ్గరకొచ్చి ఆగారు. అక్కడున్న ఆడవాళ్ళ తలలు ఒక్కసారిగా సముద్రం వైపు తిరిగాయి. ఆయనకి ఎవరు చెప్పారో, చూసి గ్రహించారో, పేరు మింగేసి, "మన సహోదరి" అని మళ్ళీ అనేసి ముందుకి వెళ్ళిపోయారు. అలా మా పిన్ని పేరు లేకుండానే మట్టిలోకి వెళ్ళింది. సముద్రానికి ఆ పేరు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు సాయంత్రం ఇంటికి తాళం వేసే ముందు గూట్లో ఆవిడ లవంగాల డబ్బా కనిపించింది. ఒకటి తీసి బుగ్గన పెట్టుకుని, స్టేషనుకని ఉప్పుమళ్ళ గట్టు ఎక్కాను. రెండువైపులా నీళ్ళు, వాటిలో ఆఖరి వెలుగు, అచ్చం సావల ఒంటి రంగు. గట్టు సగం దాటేక పిలుపు వినబడింది. కొంగేదో అరిచిందేమో. తెప్పలవాళ్ళు ఎవరో ఎవర్నో పిలుచుకున్నారేమో. నా పేరే అని చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఈసారి నా నోటిమీద ఎవరి చెయ్యీ లేదు.

పలకలేదు. లవంగం కొరకలేదు. అక్కడే నిలబడి పిన్ని అడిగిన ప్రశ్నే నన్ను నేను అడుక్కున్నాను. అమ్మ ఆ సాయంత్రమే మునిగిపోయి ఉండాలని నాకుందా? నన్ను వదిలి ఆ బండి ఎక్కేసి, ఎక్కడో ముసలిదై, ఇంకా నన్ను పిలుస్తూ ఉండాలని ఉందా? జెల్లనీ సావలనీ పక్కపక్కన పెట్టి పిల్లలకి తేడాలు చెప్పి, మార్కులు వేసేదాన్ని. ఈ రెండిట్లో నాకేది కావాలో మాత్రం నాకు ఇవాళ్టికీ తేలలేదు.